సంఘపు బండికి చక్రముల మార్పు
(ఉద్యోగుల వినియోగదారుల సహకార సంఘ సర్వసభ్య సమావేశమున కార్యవర్గము పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘపు పికప్ బండి రైల్వే కాలనీకిని, తపాలా క్వార్టర్లకును బియ్యము, పప్పులు, నూనె డబ్బాలు చేరవేయుచున్నది. దాని టైర్లు అరిగిపోయినవి. టైర్లతో పాటు ఇనుప చక్రములను కూడ తొలగించి, బజారులో దొరకు వెడల్పాటి అల్లాయ్ చక్రములు అమర్చవలెనని కొందరు సభ్యులు ప్రతిపాదించినారు. కార్యవర్గము ఈ ప్రతిపాదనను శ్రద్ధతో పరిశీలించినది.

అల్లాయ్ చక్రము చెడ్డదని మేము అనుట లేదు. మంచి రకము తేలికగా నుండును. బ్రేకుల వేడిని త్వరగా వెలికి పంపును. ఇనుము వలె తుప్పు పట్టదు. అయితే కారునకు సరిపోయిన చక్రము సరకుల బండికి సరిపోవునని చెప్పజాలము.

ఈ విషయము రైల్వే సోదరులకు కొత్త కాదు. కోచ్ చక్రములను లేత్‌పై కోసినప్పుడు ఒకే ఇరుసుపై నున్న రెండింటి వ్యాసములలో అర మిల్లీమీటరునకు మించి తేడా ఉండరాదు. చూపునకు బాగున్నదని ఏ క్యారేజి షాపులోను చక్రము మార్చరు. పట్టాలపై పాటించు జాగ్రత్తను రోడ్డుపై మరువనేల?

మొదట చూడవలసినది బరువు. టైరు ప్రక్కన ముద్రించిన భారసూచిక 108 అయినచో ఆ టైరు 1000 కిలోలు మోయును. 100 అయినచో 800 కిలోలు మాత్రమే. సరకు బరువులో ఎక్కువ భాగము వెనుక ఇరుసుపైనే పడును గనుక అచ్చటి రెండు టైర్లకు కలిపి 400 కిలోల శక్తి తగ్గిపోవును. చక్రమునకు సైతము ఇట్లే ఒక పరిమితి కలదు.

రెండవది అమరిక. బోల్టు రంధ్రములు కలిసినంతనే చాలదు. చక్రము బయటకు జరిగిన కొలది బేరింగులపై ఒత్తిడి పెరుగును, స్టీరింగు బరువెక్కును, టైరు మడ్‌గార్డును ఒరయును. టైరు వ్యాసము నూటికి 5 వంతులు పెరిగినచో, మీటరు 60 చూపునప్పుడు బండి 63 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును.

మూడవది మరమ్మతు. గోతిలో పడి వంగిన ఇనుప రిమ్మును దారిప్రక్క మెకానిక్ చాలవరకు సరిచేయగలడు. పగిలిన అల్లాయ్ చక్రమును అతికించి బరువు మోయించుట ప్రమాదకరము. పైగా నాలుగు చక్రములు మార్చి స్టెప్నీని పాతదే ఉంచినచో, పంక్చరైన నాడు ఒక ఇరుసుపై రెండు కొలతలు చేరును.

ఇక చట్టము. తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. అదే సంవత్సరము మోటారు వాహనముల చట్టమునకు జరిగిన సవరణ ప్రకారము, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు కారాగారము గాని, రెండును గాని విధింపవచ్చును. యజమాని అనగా ఇచ్చట మన సంఘమే. ప్రమాదము జరిగినచో బీమా కంపెనీ వివాదము లేవదీయుటకును అవకాశము కలదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. ఈ ప్రతిపాదనపై మనము చేతులెత్తి ఓటు వేయుదుము. చక్రము విరిగిన నాడు ఆస్పత్రికిని, పోలీసు స్టేషనుకును పోవలసినవారు బండిలోని డ్రైవరు, హమాలీ సోదరులు. వారి మాట వినక యజమానులు నిర్ణయములు చేయుచున్నారని అన్నిచోట్ల ఎలుగెత్తు మనము, మన సొంత బండి విషయమున అదే పని చేయరాదు.

కావున కార్యవర్గము ఈ క్రింది తీర్మానమును మీ ముందుంచుచున్నది:

1. అదే కొలత గల ఇనుప చక్రములనే కొనసాగించవలెను, వంగినవానిని మార్చవలెను.
2. స్టెప్నీతో సహా టైర్లన్నియు బండి పుస్తకములో చెప్పిన భారసూచికకు తగ్గరాదు.
3. బిగించిన పిదప మొదటి 100 కిలోమీటర్లలోపున నట్లను మరల పరీక్షించవలెను.
4. ఇకముందు ఎవరైనను అల్లాయ్ చక్రములను ప్రతిపాదించినచో, ఆ కొలత ఈ మోడలునకు తగునని తయారీదారు ఇచ్చిన పత్రమును, డ్రైవరు అభిప్రాయమును జతపరచవలెను.
5. ఇందువలన మిగులు సొమ్ముతో డ్రైవరునకు, హమాలీకి ప్రమాద బీమా చేయించవలెను.

సభ్యులెల్లరు నిస్సంకోచముగా చర్చించి, ఈ తీర్మానమును ఆమోదింపవలెనని విజ్ఞప్తి చేయుచున్నాము.