పేరు, చుక్క, ఇంటిపేరు



ఉద్యోగాల్లో వివక్ష గురించి మాట్లాడమన్నారు. నేను మెయిల్ ఐడీతో మొదలుపెడతాను. ఇదేం విషయమని నవ్వుకోవద్దు. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ చివరి ఏడాది పిల్లల రెజ్యూమెలు దిద్దుతుంటాను. ఆ కాగితం మీద పేరు తర్వాత కంటపడేది అదే.

2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఉద్యోగులను ఎంపిక చేసేవాళ్లకూ, ఆ పనిలోకి రాబోయేవాళ్లకూ రెజ్యూమెలు చూపించారు. కొన్నిటి మీద పద్ధతైన మెయిల్ ఐడీ, కొన్నిటి మీద సరదాగా పెట్టుకున్నది. సరదా ఐడీకి మార్కులు తగ్గాయి. అక్షరదోషాల వల్ల ఎంత నష్టమో దీనివల్లా అంతే. ఆ నాలుగు అక్షరాలను బట్టి మనిషి నిజాయితీని కూడా అంచనా కట్టేశారు.

అందుకే ట్రైనర్లందరిదీ ఒకటే మాట: పేరు, చుక్క, ఇంటిపేరు. నేనూ ఏళ్ల తరబడి అదే చెప్పాను.

కానీ మన పిల్లల ఐడీలు ఎక్కడ పుడతాయి? నెట్ సెంటర్‌లో. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు వెళ్తే, మెయిల్ లేదంటే అక్కడి అన్నే ఒకటి తయారుచేస్తాడు. పేరు దొరక్కపోతే వెనక ఊరి పేరో, హీరో పేరో తగిలిస్తాడు. పాస్‌వర్డ్ అతని నోట్‌బుక్‌లో ఉంటుంది. ఓటీపీ వెళ్లేది రీఛార్జి లేక ఆగిపోయిన నాన్న సిమ్‌కి. ఒకమ్మాయి రెజ్యూమె మీద ఏకంగా నెట్ సెంటర్ ఐడీయే ఉంది. ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన సంగతి ఆమెకు తెలిసేసరికి తేదీ దాటిపోయింది. రెజ్యూమె చూసేవాడికి ఇదంతా ఎందుకు? ‘సీరియస్‌నెస్ లేదు’ అనుకుంటాడు, అంతే.

సరే, ఐడీ మార్చాం. పేరు, చుక్క, ఇంటిపేరు. ఇప్పుడు ఇంకో తలుపు దగ్గర ఆగిపోతాం.

సుఖదేవ్ థొరాట్, పాల్ అటెవెల్ 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసింది మీలో చాలామంది చదివే ఉంటారు. ప్రైవేటు కంపెనీల 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానం, పేర్లే వేరు. పిలుపు వచ్చే ఆడ్స్ అగ్రకుల హిందూ పేరుకు 1 అనుకుంటే, దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. ఇది ఇంటర్వ్యూ దాకా పోని లెక్క. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. 16వ అధికరణం చెప్పే సమానావకాశం ప్రభుత్వ ఉద్యోగాలకే గనక ఈ గుమ్మం దగ్గర అదీ తోడు రాదు.

ఒక అబ్బాయి ఐడీలో జై భీమ్ అని ఉండేది. తీసెయ్యమన్నాను. చెప్పేటప్పుడు అతని కళ్లలోకి చూడలేదు. అతను, ‘తీసేస్తాను సార్. ఇంటిపేరు కూడా తీసెయ్యమంటారా?’ అన్నాడు. ఇంటిపేరును ఇనీషియల్‌గా కుదించుకోవచ్చు, మన తెలుగువాళ్లకు ఆ వెసులుబాటు ఉంది. అయినా తర్వాతి ఫారంలో పదో తరగతి మెమోలో ఉన్నట్టే పూర్తి పేరు రాయమంటారు. నా దగ్గర జవాబు లేదు. రెడ్డి, చౌదరి, శర్మ అని ఐడీలో పెట్టుకున్న పిల్లలకు అది అన్‌ప్రొఫెషనల్ అని చెప్పిన ట్రైనర్ నాకింతవరకూ తారసపడలేదు. నేనూ చెప్పలేదు, అదీ ఒప్పుకోవాలి.

అతనిప్పుడు రెండు ఐడీలు వాడుతున్నాడు. నాకు రాసేది పాతదాంతోనే.

మొదటి వడపోతలో పేరూ మెయిలూ కనబడకుండా నంబర్లతోనే రెజ్యూమెలు చూడమని క్యాంపస్‌కు వచ్చే కంపెనీలను అడుగుతున్నాను. ఒకరు ఒప్పుకున్నారు. మిగతావాళ్లు ‘పాలసీ చూడాలి’ అన్నారు.

థొరాట్ గారు వాళ్లు చేసింది ప్రధానంగా ఇంగ్లీషు పత్రికల ప్రకటనల మీద. ఇవాళ్టి జాబ్ పోర్టళ్ల మీద, మన తెలుగు ఇంటిపేర్లతో అదే పని ఎవరైనా చేయాలి. పీహెచ్‌డీకి టాపిక్ వెతుక్కుంటున్నవాళ్లు ఈ హాల్లో నలుగురైనా ఉంటారు. టీ దగ్గర కలవండి, కూర్చుని ఇంటిపేర్ల జాబితా రాద్దాం.