రాజధాని మారితే విమానాశ్రయం ఎవరిది?

(తిరుపతిలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందు ఒక రాత్రి సంగతి చెప్తా. మా మేనకోడలిది పీలేరు పక్కన పల్లె. 2018లో కువైత్‌లో ఇంటిపనికి కుదిరింది. విమానమేమో మద్రాసులో ఎక్కాల. కారు బాడుగకు మాట్లాడుకుని ఇంటిల్లిపాదీ బయల్దేరినాం. రేణిగుంట దాటేటప్పుడు ఆ పిల్ల అడిగింది: "మామా, ఈడ కూడా విమానాలుండాయి కదా, ఈడ్నే ఎక్కకూడదా?"

నా దగ్గర జవాబు లేదు. రేణిగుంటలో కొత్త టెర్మినల్‌ను ప్రధానమంత్రి 2015 అక్టోబర్ 22న ప్రారంభించినారు. అమరావతికి శంకుస్థాపన జరిగింది కూడా అదే రోజు. 2017లో అంతర్జాతీయ హోదా ఇచ్చినారు. హోదా వచ్చింది గానీ, మా పిల్ల పోయిననాటికి అక్కడ కువైత్ విమానం లేదు. కడప, చిత్తూరు పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయే ఆడవాళ్ళు ఎంతమందో మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. తిరుపతి వాళ్ళం మద్రాసుకు పోతాం, మదనపల్లె వాళ్ళు దేవనహళ్ళికి పోతారు. రెండూ పక్క రాష్ట్రాల రాజధానుల విమానాశ్రయాలే.

మరి మన రాజధాని విమానాశ్రయం ఏమైంది? శంషాబాద్‌లో 2008 మార్చి 23న విమానాలు మొదలైనాయి, బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయినాయి. సుమారు 5,500 ఎకరాల భూమి ఇచ్చింది ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం. వడ్డీ లేని అప్పు 315 కోట్లు, గ్రాంటు 107 కోట్లు. ఇది 23 జిల్లాల సొమ్ము. మన టమాటా రైతు ఎరువుల బస్తా మీద కట్టిన పన్ను కూడా అందులో ఉంది. దానికి బదులు రాష్ట్రానికి దక్కింది కంపెనీలో 13 శాతం వాటా. 2014లో రాష్ట్రం విడిపోయినాక ఆ వాటా తెలంగాణకు పోయింది.

తెలంగాణ సోదరులను నేను తప్పుపట్టను. విమానాశ్రయం ఉన్న నేల వాళ్ళది, భూములు పోగొట్టుకున్న రైతులూ వాళ్ళే. నేను అడిగేది మన పెద్దలను. కట్టిన కంపెనీ ఏం రాయించుకుందో చూడండి. 150 కిలోమీటర్ల లోపల 25 ఏళ్ళ దాకా ఇంకో కొత్త విమానాశ్రయం రాకూడదని ఒప్పందంలో పెట్టించుకుంది. పెట్టుబడి పెట్టినోడికి పాతికేళ్ళ ముందుచూపు ఉంది. మన ఓట్లతో గెలిచి ఆ అసెంబ్లీలో కూర్చున్నోళ్ళకు, రేపు రాజధాని మారితే మా జిల్లాల సొమ్ము సంగతేమని ఒక్క వాక్యం రాయించాలని తోచలేదు. మారడం మనకు కొత్తా? 1953లో మద్రాసు పోయింది, కర్నూలు వచ్చింది. మూడేళ్ళకే, 1956లో, అదీ పోయి హైదరాబాదు వచ్చింది. మా నాయన తరం రెండుసార్లు చూసింది, మేము మూడోసారి చూసినాం.

కొందరు మిత్రులు మామిడి గుజ్జు ఎగుమతిని కూడా దీనికి ముడిపెడుతున్నారు. అది ఓడల్లో పోయే సరుకు, విమానాలతో దానికి పనిలేదు. లేని వాదన పెట్టుకుంటే ఉన్న వాదన చెడుతుంది.

ఇప్పుడు ఈ మాటలు ఎందుకంటే, అమరావతి దగ్గర కొత్త అంతర్జాతీయ విమానాశ్రయం కట్టాలనే ప్రతిపాదన 2025లో ముందుకొచ్చింది. అంటే మళ్ళీ భూమి, మళ్ళీ ఖజానా. కట్టొద్దని నేను అనను. సంతకాలకు ముందే ఒప్పందం ముసాయిదా బయట పెట్టమంటా. ప్రభుత్వ వాటా మీద వచ్చే లాభంలో రాయలసీమకు ఎంతో, కొలువుల్లో మన పిల్లలకు ఎన్నో కాగితం మీద రాయమంటా. రేణిగుంట నుంచి గల్ఫ్ విమానాల కోసం ఏ కంపెనీతో, ఎప్పుడు, ఏం మాట్లాడినారో తేదీలతో సహా చెప్పమంటా.

సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. దరఖాస్తుకు ఖర్చు పది రూపాయలు. ఈ ప్రశ్నలన్నీ రాసిన నమూనా కాగితాలు వాకిలి దగ్గర బల్ల మీద పెట్టినాం. ఉద్యోగ మిత్రులు తలా ఒకటి తీసుకోండి. విద్యార్థులు ఊరికి పోయేటప్పుడు రెండు తీసుకోండి, గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇంటి వాళ్ళ చేత సంతకం పెట్టించి పంపండి.