కడుపులో పురుగులు, కాగితంలో పురుగులు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం ఇలా కలుసుకోవడం 1982లో సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు పుణ్యం. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చే దానం కాదని ఆ తీర్పు తేల్చింది. ఆ పెన్షనులో చాలాభాగం ఈమధ్య మందుల షాపులకూ ల్యాబులకూ పోతోంది కనుక దాని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నేను డాక్టరును కాను. ప్రభుత్వాసుపత్రి ల్యాబులో 33 ఏళ్ళు మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాణ్ణి. నా సర్వీసులో సగం మలపరీక్షలే. భోజనాలకు ముందు ఈ ప్రస్తావన తెస్తున్నందుకు మన్నించాలి.

మొదట పురుగుల సంగతి. మన ఊళ్ళలో ముఖ్యంగా కనబడేవి ఏలికపాములు, కొంకిపురుగులు, నులిపురుగులు, బద్దెపురుగులు. వీటికి తోడు కంటికి కనబడని ఏకకణ జీవులు అమీబా, జియార్డియా. మట్టి ద్వారా వచ్చే పురుగులు ప్రపంచంలో సుమారు 150 కోట్లమందికి ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆడ ఏలికపాము రోజుకు రెండు లక్షల గుడ్లు పెడుతుంది. కొంకిపురుగు అరికాలి చర్మంలోంచి లోపలికి దూరి, రక్తంలో ఊపిరితిత్తులకు చేరి, గొంతులోకి పాకి, అక్కడినుంచి మింగబడి పేగు చేరుతుంది. ఒక్కొక్కటి రోజుకు తాగేది కొద్దిపాటి రక్తమే. కానీ వందలకొద్దీ ఉంటే, అదీ ఏళ్ళతరబడి ఉంటే, మనిషి పాలిపోతాడు. చేలో వట్టికాళ్ళతో తిరిగిన కూలిజనం రక్తహీనతతో వచ్చినప్పుడు మేము ముందు వెదికింది దీని గుడ్లనే.

ఆ రోజుల్లో శాంపిలు అగ్గిపెట్టెలో వచ్చేది. ఎంత చెప్పినా అగ్గిపెట్టే. పైన కుంకుడుగింజంత, పక్కన రెండు పుల్లలు కూడా. నవ్వకండి, అందులోనే చాలా రోగాలు పట్టుకున్నాం. ఇప్పుడు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఇస్తున్నారు, సంతోషం. అయినా జాగ్రత్తలు అవే. మూత్రం కలవకూడదు. విరేచనాలవుతుంటే అరగంటలోపు ల్యాబుకు చేరాలి, ఆలస్యమైతే కదిలే అమీబా చచ్చి ఆనవాలు దొరకదు. అన్నిటికంటే ముఖ్యం, ఒక్కరోజు పరీక్షలో ఏమీ లేదంటే లేనట్టు కాదు. పురుగులు, సిస్టులు రోజూ ఒకేలా బయటపడవు. రోజు విడిచి రోజు మూడు శాంపిళ్ళు ఇవ్వాలి. ఈ మాట చెబితే "మూడుసార్లా?" అని మొహం చిట్లించేవారు. చవకైన పరీక్షే, ఓపికే ఖర్చు.

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. మా రిపోర్టుల్లో "ఇ.హెచ్. సిస్టులు కనబడినవి" అని రాసేవాళ్ళం. రోగి మెట్రోనిడజోల్ మింగి, నోరు చేదెక్కి, మళ్ళీ ఆరునెలలకు అదే రిపోర్టు తెచ్చుకునేవాడు. హాని చేసే హిస్టోలిటికా, ఏ హానీ చేయని డిస్పార్ అనేవి రెండు వేరు జీవులని 1993లో నిర్ధారించారు. వాటి సిస్టులు మైక్రోస్కోపు కింద అచ్చం కవలపిల్లలే. ఏ కన్నూ వాటిని విడదీయలేదు. మలంలో యాంటిజెన్ పరీక్షగానీ పి.సి.ఆర్. గానీ చేస్తేనే తెలుస్తుంది.

ఇక కార్యదర్శిగారు నన్ను లేపి నిలబెట్టిన అసలు కారణానికి వస్తాను. ఫంక్షనల్ మెడిసిన్ అనే మాట మన పిల్లల ద్వారా మన ఇళ్ళకు వచ్చింది. అమెరికాలో 1990ల్లో మొదలైన పద్ధతి. రోగానికి పేరు పెట్టి ఊరుకోకుండా మూలకారణం వెదకాలంటారు. ఆ మాటలో తప్పు లేదు. పైగా వాళ్ళు గంటసేపు కూర్చోబెట్టి ఏం తింటావు, ఎంత నిద్రపోతావు అని అడుగుతారు. మన ఓ.పి.లో రెండు నిమిషాలు దొరికితే గొప్ప. ఆ గంటకోసమే జనం వెళుతున్నారని నా అనుమానం, నేను వాళ్ళను తప్పుపట్టను.

నాకు పేచీ వాటిలో కొన్నిచోట్ల అమ్ముతున్న పురుగుల ప్యాకేజీలతో. నీరసమా, పురుగులు. నిద్ర పట్టదా, పురుగులు. రాత్రి పళ్ళు కొరుకుతారా, పురుగులు. ఈ చివరిది మా నాయనమ్మ కూడా అనేది, ఆవిడ మాత్రం ఫీజు పుచ్చుకోలేదు. పళ్ళు కొరకడాన్ని బట్టి పురుగులున్నాయని తేల్చలేం. తరువాత మలాన్ని డి.ఎన్.ఎ. పరీక్షకు పంపి, పేజీలకొద్దీ రంగుల రిపోర్టు ఇస్తారు. ఆ యంత్రం మంచిదే. కానీ అది బ్లాస్టోసిస్టిస్ లాంటివాటిని కూడా పట్టేస్తుంది. అవి ఏ బాధా లేనివారిలో ఎందరిలోనో ఉంటాయి. కాగితంలో ఎర్రగా అచ్చయినదల్లా రోగం కాదు.

మన సంఘంలోనే ఒక మాస్టారికి జరిగింది చెబుతాను. ఆయన సభలోనే ఉన్నారు, పేరు మాత్రం చెప్పవద్దన్నారు. వయసు 71. నీరసం, ఆయాసం, హిమోగ్లోబిన్ ఏడు, ఆరు కిలోల బరువు తగ్గారు. కొడుకు ఫోనులోనే ఎక్కడో ఒక ప్యాకేజీ కట్టాడు. లవంగం, మాచిపత్రి జాతి మూలికల గొట్టాలు, దాంతోపాటు రాత్రిపూట ఇసబ్‌గోల్. నాలుగు నెలలు. మధ్యలో మలంలో తెల్లటి తాళ్ళలాంటివి పడ్డాయి. అవి పురుగులేనని, మందు పనిచేస్తోందని, కోర్సు పొడిగించమని అవతలివారు చెప్పారు. కోడలు ఆ ఫొటోలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "బాబాయ్‌గారూ, ఇంకా ఎన్ని ఉన్నాయో మీరే చూడండి" అంది.

నా దగ్గర పని నేర్చుకుని సొంత ల్యాబు పెట్టుకున్న అబ్బాయి ఉన్నాడు. శాంపిలు అక్కడికి తీసుకువెళ్ళి ఇద్దరం చూశాం. పురుగైతే దానికో చర్మం, పేగు, గుడ్లు ఉంటాయి. ఇందులో ఏమీ లేవు. జిగురు, ఇసబ్‌గోల్ పొట్టు కలిసి పేనిన తాడు, అంతే. మూడు రోజుల శాంపిళ్ళలో ఒక్క గుడ్డు లేదు. కానీ కంటికి కనబడని రక్తం పరీక్ష మాత్రం మూడుసార్లూ పాజిటివ్. కొంకిపురుగులున్నా ఈ పరీక్ష పాజిటివ్ రావచ్చు, ఇక్కడ ఆ గుడ్లు లేవు. మరి రక్తం ఎక్కడినుంచి? ఆ ప్రశ్నతోనే ఆయన్ను డాక్టరుగారి వద్దకు పంపాం. కొలనోస్కోపీలో పెద్దపేగు కుడివైపున గడ్డ కనబడింది. ఆపరేషను అయింది. మందులు ఇంకా నడుస్తున్నాయి. ఆ నాలుగు నెలలు పోకపోతే ఎలా ఉండేదని ఆయన భార్య నన్ను అడిగారు. నేను సమాధానం చెప్పలేదు.

మన వయసులో రక్తం తగ్గినా, కారణం లేకుండా బరువు తగ్గినా, మలం నల్లగా పడినా పురుగుల మందు వేసుకుని కూర్చోకండి. పేగు చూపించుకోండి.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. నిజంగా పురుగే ప్రాణం తీసే సందర్భం. స్ట్రాంజిలాయిడ్స్ అనే సన్న పురుగు కూడా వట్టికాళ్ళ ద్వారానే వస్తుంది. దీని ప్రత్యేకత ఏమిటంటే మనిషి లోపలే తన సంతతిని తిరిగి తిరిగి పెంచుకుంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో జపానువారు బర్మా-సయాం రైలుమార్గం మీద పనిచేయించిన యుద్ధఖైదీల్లో నలభై ఏళ్ళ తరువాత కూడా ఇది దొరికింది. మలయా తోటలనుంచి మన తెలుగు, తమిళ కూలీలను కూడా ఆ పనికే తోలుకుపోయారు. ఈ పురుగు లోపల నిద్రపోతున్నట్టుండి, ఆయాసానికో కీళ్ళవాతానికో స్టెరాయిడ్ మాత్రలు వాడినప్పుడు ఒంటినిండా పాకుతుంది. అది ప్రాణాంతకం. 2020లో కోవిడ్‌కు డెక్సామెథసోన్ వాడకం పెరిగినప్పుడు వైద్యులు ఈ హెచ్చరికే చేశారు. మలంలో దీని గుడ్లు కాదు, పిల్లపురుగులు కనబడతాయి, అదీ తరచుగా తప్పిపోతాయి. రక్తంలో యాంటీబాడీ పరీక్ష ఉంది. రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ ఎక్కువగా ఉండి, చిన్నప్పుడు పొలంలో తిరిగినవారైతే, స్టెరాయిడ్లు మొదలుపెట్టే ముందు డాక్టరుగారితో ఆ మాట అనండి. ఇసినోఫిల్స్ మామూలుగా ఉన్నంతమాత్రాన లేదనడానికీ వీల్లేదు. దీనికి మందు ఐవర్‌మెక్టిన్. దాన్ని కనిపెట్టినందుకు కాంప్‌బెల్, ఒమురాలకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. షాపులో దొరికే ఒక్క ఆల్బెండజోల్ మాత్ర దీనికి చాలదు.

ఆల్బెండజోల్ మంచి మందే. శాంటోనిన్, పైపరజీన్ సిరప్ రోజులు చూసినవాణ్ణి గనక దాని విలువ నాకు తెలుసు. అయితే నెలకోసారి ఇంటిల్లిపాదీ మింగడం వైద్యం కాదు. మెదడులో బద్దెపురుగు బుడగలున్నవారికి ఈ మందుతో మూర్ఛ రావచ్చు. ఆ బుడగలు మాంసం తిననివారికి కూడా వస్తాయి. పురుగున్న మనిషి చేతినుంచో, కడగని కొత్తిమీరనుంచో గుడ్లు లోపలికి పోతే చాలు. వాయువిడంగాలు, మోదుగగింజలు వాడాలనుకునేవారు తెలిసిన ఆయుర్వేద వైద్యుణ్ణి అడిగి వాడండి, పరీక్ష మాత్రం మానకండి.

మనవల సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. పిల్లవాడు రాత్రి ఆసనం గోకుకుంటుంటే అవి నులిపురుగులు. మలపరీక్షలో ఇవి సాధారణంగా దొరకవు. తెల్లవారి స్నానానికి ముందు, పారదర్శకమైన సెల్లోటేపు ముక్క ఆసనం దగ్గర అంటించి తీసి, గాజుపలక మీద అతికించి ల్యాబుకు ఇవ్వండి. ఉంటే డాక్టరు సలహాతో ఇంట్లో అందరూ ఒకే రోజు మందు వేసుకుని, రెండు వారాలకు మళ్ళీ వేసుకోవాలి. గోళ్ళు కత్తిరించండి, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకండి. 2015నుంచి ఫిబ్రవరి 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఒకటినుంచి 19 ఏళ్ళవారికి ఉచితంగా మాత్ర ఇస్తున్నారు. ప్రైవేటు బడి పిల్లవాడికెందుకని మానిపించకండి.

భోజనాలు వడ్డిస్తున్నారట, ఇక ఆపుతాను. రిపోర్టులు వెంట తెచ్చుకున్నవారుంటే ఎడమవైపు వరండాలో కూర్చుంటాను, కళ్ళజోడు తెచ్చుకున్నాను. సెలవు.