చుక్క వెనుక ఖాళీ

అన్నలారా, తమ్ముళ్లారా, శుక్రవారం పూట నిద్ర మానుకుని వచ్చారు. సోది లేకుండా సంగతికి వస్తాం.

కువైట్‌లో మన సభ్యుల వివరాలు చూపే చిన్న పేజీని జావాలో, జేఎస్పీతో, మనమే తయారు చేసుకున్నాం కదా. అందులో ఒక తమ్ముడి పేరు ఎదురుగా పాస్‌పోర్టు గడువు గడి ఖాళీగా ఉండేది. ఇంకా టైముందేమోలే అనుకుని దాటేశాం. ఊళ్లో వాళ్ల నాన్న పోయిన రోజు తెలిసింది, గడువు ఎప్పుడో అయిపోయిందని. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉండటంతో వివరాలు మన దాకా రానేలేదు. కాగితాలు చేతికొచ్చేసరికి అక్కడ దినాలు కూడా అయిపోయాయి. అడగకపోవడం మా తప్పే.

పేజీలో మేము రాసింది ఇది: ‘వర్కర్ డాట్ పాస్‌పోర్ట్ డాట్ ఎక్స్‌పైరీడేట్’. 2003లో జేఎస్పీ 2.0 వచ్చాక పేజీలో నేరుగా ఇలా రాసుకునే వీలు కలిగింది. క్యాంపు గదిలో మన ట్రంకుపెట్టె, పెట్టెలో కవరు, కవరులో కాగితం లాంటిదే. ఒక్కో చుక్కా ఒక్కో మూత తీస్తుంది. అయితే పేజీ తానే లోపల చెయ్యి పెట్టదు. పాస్‌పోర్ట్ అని రాస్తే వెనక గెట్‌పాస్‌పోర్ట్ అనే మెథడ్‌ను పిలుస్తుంది. అది తెచ్చి ఇచ్చినదాని మీద గెట్‌ఎక్స్‌పైరీడేట్‌ను పిలుస్తుంది. ఆ మెథడ్ లేకపోయినా, పేరులో ఒక్క అక్షరం తప్పినా ఎర్రర్ వస్తుంది. అది మంచిదే, అరిచి చెబుతుంది కాబట్టి దిద్దుకుంటాం.

మరి మధ్యలో కవరే లేకపోతే? ఇక్కడే దెబ్బతిన్నాం. పాస్‌పోర్ట్ నల్ అయితే జేఎస్పీ అరవదు. ఆ చోట ఖాళీ వదిలేసి ఊరుకుంటుంది. తేదీ ఒక్కటే రాయలేదా, అసలు పాస్‌పోర్టే నమోదు కాలేదా, చూసేవాడికి తేడా తెలియదు.

స్ప్రింగ్‌తో థైమ్‌లీఫ్ వాడేవాళ్లకు ఇదే చోట ఎర్రర్ వచ్చి పేజీ ఆగిపోతుంది. చుక్కకు ముందు ప్రశ్నార్థకం పెడితే ఆగదని ఎవరైనా చెబుతారు. నిజమే, ఆగదు. కానీ మళ్లీ అదే ఖాళీ. ప్రతి చుక్కకూ కళ్లు మూసుకుని ప్రశ్నార్థకం పెట్టేవాళ్లను చూస్తే ఇప్పుడు మాకు భయమేస్తుంది.

అందుకే మేము ‘ఎంప్టీ’ అనే మాటతో పాస్‌పోర్ట్ ఉందా లేదా అని ముందే అడుగుతున్నాం. లేకపోతే ఆ గడిలో ఎర్రగా ‘వివరం రాలేదు, ఫోన్ చేయండి’ అని పడుతుంది. పాస్‌పోర్ట్ ఉండి తేదీ లేకపోతే ఇంకో మాట. మొదటి రోజు ఎర్రబడ్డ పేర్లు చూసి ఆ సాయంత్రమే ఫోన్లు మొదలుపెట్టాం. ఇంకా దొరకనివాళ్ల పట్టీ మా బల్ల దగ్గర ఉంది. మీ గదిలోవాళ్లు ఎవరైనా ఉన్నారేమో, పోయేముందు ఒకసారి అడిగి వెళ్లండి.