పేరొకటే, మనుషులిద్దరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పాతికేళ్లుగా ప్రోగ్రాములు రాసి బతుకుతున్నాను కదా అని, ఈ ఉత్సవానికి ఆహ్వానాల జాబితా చేసే పని సంఘం వాళ్లు నాకు అప్పగించారు. అందులో నేను చేసిన తప్పు గురించే రెండు మాటలు చెబుతాను.

మా బ్యాచిలో పొడుగు శ్రీను, పొట్టి శ్రీను ఉండేవాళ్లు. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు, ఒకే పేరు. పదిహేను రోజుల కిందట పొట్టి శ్రీను ఫోన్ చేశాడు. "ఏరా, నన్ను మర్చిపోయారా? కార్డు రాలేదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ మనసు కష్టపెట్టుకున్నాడని నాకు తెలిసిపోయింది.

జాబితాలో వాడు నిజంగానే లేడు. జావాస్క్రిప్ట్‌లో అందరి వివరాలూ ఒక ఆబ్జెక్టులో పెట్టాను. ఆబ్జెక్టంటే అరల బీరువా అనుకోండి. ప్రతి అరకీ ఒక చీటీ. ఆ చీటీ మీద నేను మనిషి పేరు రాశాను. అదే పేరుతో ఇంకొకరి వివరాలు పెడితే ముందువి పోతాయి. పోయాయని ఒక్క మాటైనా చెప్పదు. అలా పొడుగు శ్రీను వచ్చి పొట్టి శ్రీనును చెరిపేశాడు.

అది కనిపెట్టడానికి ఒక రాత్రంతా పట్టింది. కారణం నా రాతే. 'డి', 'ఎక్స్', 'టెంప్ 2' అని పేర్లు పెట్టుకున్నాను. మూడు నెలల కిందట నేను రాసింది నాకే అర్థం కాలేదు. "జవాబు సరే, స్టెప్పులేవిరా?" అంటూ లెక్కల మాస్టారు మార్కులు కోసెయ్యడం గుర్తొచ్చింది.

తెల్లారి మొత్తం తిరగరాశాను. ఆబ్జెక్టు తీసేసి, 2015 ప్రమాణంతో ఆ భాషలోకి వచ్చిన 'మ్యాప్' వాడాను. చీటీ మీద పేరు బదులు అడ్మిషన్ నంబరు వేశాను. నంబర్లు వేస్తే ఆబ్జెక్టు వాటిని చిన్న నుంచి పెద్దకు తనే సర్దేస్తుంది. మ్యాప్ మాత్రం మనం ఎక్కించిన వరసనే ఉంచుతుంది. కార్డులు ఊళ్ల వరసలో పంచాలి కాబట్టి నాకు అదే కావాలి. మ్యాప్‌లో కూడా ఒకే నంబరు రెండుసార్లు పడితే మొదటిది పోతుంది. అందుకే పెట్టేముందు 'హ్యాజ్' అని అడిగి, ఆ నంబరు ముందే ఉంటే ఆగిపోయేలా రాశాను. చివర్లో 'సైజ్' అడిగి, బడి రిజిస్టరు లెక్కతో సరిచూసుకున్నాను. 'డి' అన్న చోట 'స్టూడెంట్స్ బై అడ్మిషన్ నంబర్' అని రాశాను. పొడుగే, కానీ చదివినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

ఇందులో నా తెలివేమీ లేదు. పేర్లు కలుస్తాయని తెలిసే మన బడి ఆఫీసులో మొదటినుంచీ ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఓ నంబరిచ్చి రిజిస్టరులో ఎక్కించారు. అదే బడిలో చదివి నేను మర్చిపోయాను.

ఇప్పుడు ప్రోగ్రాములు నేర్చుకుంటున్న మన పిల్లలకు ఒక్క మాట. మీరు రాసింది రేపు ఇంకొకరు చదువుతారు. చాలాసార్లు ఆ ఇంకొకరు మీరే. వాళ్లకు తెలిసేలా రాయండి. జాబితాలో ప్రతి వరసా ఒక మనిషని గుర్తుపెట్టుకోండి.

పొట్టి శ్రీను కార్డు నేనే ఇంటికెళ్లి ఇచ్చొచ్చాను. అదిగో, మూడో వరసలో పొడుగు శ్రీను పక్కనే కూర్చున్నాడు. సెలవు.