మన పన్ను ఏ ఊరిది, మన పత్రం ఏ ఊరిది?

(నందినిలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. పాతకాలపు మనుషులు ఎక్కడ పుట్టి ఎక్కడికి పోయారో వాళ్ళ పళ్ళు, ఎముకల ద్వారా తెలుసుకునే శాస్త్రం గురించి చెప్పమన్నారు. ఇది మనకెందుకు అనుకోకండి. ఈ మాట మన పిల్లల కుల సర్టిఫికెట్ దాకా వస్తుంది.

మీ అందరికీ తెలిసిన రాయితో మొదలుపెడతాను. నందిని గనుల సున్నపురాయి భిలాయి ఫర్నేసులకు పోతుంది కదా. అందులో కాల్షియంతోపాటు స్ట్రాన్షియం అనే మూలకం కొద్దిగా ఉంటుంది. రాయి అరిగి మట్టవుతుంది. మట్టి నుంచి అది నీళ్ళలోకి, పంటలోకి, అన్నంతోపాటు మన ఒంట్లోకి వస్తుంది. ఒళ్ళు దాన్ని కాల్షియంలాగే పళ్ళలో, ఎముకల్లో దాచుకుంటుంది.

స్ట్రాన్షియంలో బరువు తేడా ఉన్న రకాలున్నాయి. వాటినే ఐసోటోపులంటారు. 87, 86 అనే రెండు రకాల నిష్పత్తి రాయిని బట్టి మారుతుంది. సముద్రంలో పేరుకున్న సున్నపురాయిలో అది తక్కువ, చాలావరకు 0.705 నుంచి 0.709 మధ్య ఉంటుంది. తూర్పు కనుమల పాత రాళ్ళలో చాలాచోట్ల అంతకన్నా ఎక్కువ. ఎముక ఏళ్ళ తరబడి కొత్తదవుతూ ఉంటుంది. పంటి మీది పింగాణీ పొర మాత్రం చిన్నప్పుడే తయారై, ఆ తర్వాత మారదు. అందుకే బాల్యం ఎక్కడ గడిచిందో పన్ను చెప్తుంది. ఇవాళ రేషన్ బియ్యం ఎక్కడెక్కడి నుంచో వస్తాయి కాబట్టి మన పళ్ళలో ఆ గుర్తు కలగాపులగమే. పాతకాలం వాళ్ళు ఎక్కువగా చుట్టుపక్కల పండిందే తిన్నారు, అందుకని వాళ్ళ విషయంలో లెక్క స్పష్టంగా తేలుతుంది.

హరప్పాలో, హర్యానాలోని ఫర్మానాలో క్రీ.పూ. 2600-1900 కాలపు సమాధుల్లోని పళ్ళను ఇలాగే పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. అక్కడ పూడ్చిన వాళ్ళలో చాలామంది వేరేచోట పుట్టి, చిన్నతనంలోనే ఆ పట్టణాలకు చేరినవాళ్ళు. అంటే ఈ ఉపఖండపు మొదటి నగరాల్లోనూ వలస వచ్చినవాళ్ళున్నారు.

పన్ను ఒక మనిషి ప్రయాణం చెప్తే, డీఎన్‌ఏ తరాల ప్రయాణం చెప్తుంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్ వాళ్ళు కలిసి 73 సమూహాల డీఎన్‌ఏను పరిశీలించి 2013లో ఒక విషయం చెప్పారు. సుమారు 4200 ఏళ్ళ నుంచి 1900 ఏళ్ళ క్రితం దాకా ఇక్కడి జనం విస్తారంగా కలిశారు. ఆ తర్వాత ఆ కలయిక దాదాపు ఆగిపోయింది. కులంలోనే పెళ్ళి అనే తలుపు పడింది. ఎవరిదీ స్వచ్ఛమైన రక్తం కాదు. ఎక్కువ తక్కువలు చెప్పే జన్యువు ఏదీ లేదు.

ఈ పరికరాలేవీ లేని రోజుల్లో, 1916 మే 9న, కొలంబియా విశ్వవిద్యాలయంలో పాతికేళ్ళ బాబాసాహెబ్ ఇదే సంగతి వాదించారు. జనం ముందే కలిసిపోయారని, సొంత గుంపులోనే పెళ్ళి అనే కట్టడి కులాన్ని పుట్టించిందని చెప్పారు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి మన తాతలు ఈ ప్లాంటు పనికి వచ్చారు. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955లో జరిగింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో మొదలైంది. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మాత్రం 1950 ఆగస్టు 10 నాటిది. ఆ తేదీకి కుటుంబం ఏ రాష్ట్రంలో ఉందో అదే లెక్క. ప్లాంటు కోసం వచ్చిన కుటుంబం ఆ రోజుకు ఇక్కడ ఎలా ఉంటుంది? అందుకే ఇక్కడే పుట్టిన మనవడి సర్టిఫికెట్ కేంద్ర ఉద్యోగానికి చెల్లుతుంది గానీ, ఈ రాష్ట్రం ఇచ్చే ఉద్యోగానికి, సీటుకు చెల్లదు.

1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే ఖాయం చేసింది. తెనాలిలో పుట్టిన ఎస్టీ కుర్రాడు. తండ్రిది ప్రభుత్వ ఎరువుల సంస్థలో ఉద్యోగం. తొమ్మిదేళ్ళప్పుడు తండ్రితో బొంబాయి వెళ్ళాడు. అక్కడి మెడికల్ సీటుకు అతని హోదా పనికిరాలేదు. 2018లో రాజ్యాంగ ధర్మాసనం మళ్ళీ అదే సూత్రాన్ని నిలబెట్టింది.

కోర్టు భయం అర్థం లేనిది కాదు. బయటివాళ్ళు వచ్చి స్థానిక దళితుల వాటా తీసుకోకూడదు. ఇక్కడి సత్నామీ సోదరుల వాటాలో ఒక్క సీటు కూడా మనకు వద్దు. కానీ వివక్ష రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోతుందా? ఇల్లు అద్దెకు అడిగినప్పుడు, పెళ్ళి మాట వచ్చినప్పుడు మన కులం మనతోనే వస్తోంది కదా? 1948లో రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ గ్రామాన్ని కీర్తించేవాళ్ళను తప్పుపట్టారు. ఆ గ్రామాన్ని విడిచి వచ్చిన దళితుణ్ణి చట్టం మళ్ళీ అదే గ్రామానికి కట్టేస్తోంది.

కాబట్టి మన డిమాండ్ ఇది: ఇక్కడ పుట్టి ఇక్కడే చదివిన వలస దళిత, ఆదివాసీ పిల్లలకు స్థానికుల కోటా తగ్గకుండా అదనపు సీట్లు కావాలి. కులాల జాబితాను మార్చే అధికారం 341వ అధికరణ ప్రకారం పార్లమెంటుకుంది. తాతల నియామక పత్రాలు, పిల్లల బడి సర్టిఫికెట్లు జాగ్రత్తగా దాచండి. సత్నామీ సంఘాలను కలుపుకుని అడుగుదాం. ఒంటరిగా అడిగితే మనల్ని బయటివాళ్ళనే అంటారు.

జై భీమ్.