మొర్రితో పుట్టిన పిల్లికూన

పెదవి చీలి పుట్టిన పిల్లికూనకు గ్రహణం మొర్రి పట్టిందంటాం. కారణం గ్రహణం కాదు. తల్లి కడుపులో పెదవి, అంగిలి భాగాలు సరిగా అతుక్కోకపోవడం. ఇది వంశపారంపర్యంగా రావచ్చు, చూలుతో ఉన్న పిల్లికి తామర తగ్గించే గ్రిసియోఫుల్విన్ మందు వేసినా రావచ్చు. పెదవి మాత్రమే చీలిన కూన చాలావరకు తల్లిపాలతోనే బతుకుతుంది. అందుకే నోరు తెరిచి, టార్చి వెలుగులో అంగిలి చూడాలి. అక్కడా చీలిక ఉంటే తాగిన పాలు ముక్కులోంచి కారతాయి, ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. అలాంటి కూనను ఎప్పుడూ వెల్లకిలా పట్టుకుని పాలు పోయకూడదు. గొట్టంతో పాలు పట్టడం పశువైద్యుడి దగ్గర నేర్చుకోవాలి. కొన్ని నెలలు పెరిగాక అంగిలికి శస్త్రచికిత్స చేయించవచ్చు.

వాన సరిగా పడని అనంతపురం సీమలో, పశువులకే గ్రాసం దొరకనప్పుడు పిల్లికూనకు ఇంత శ్రమా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ పెదవి చీలికకు కావలసింది డబ్బు కాదు, శ్రద్ధ. దాదాపు 100 గ్రాములతో పుట్టే కూన రోజుకు 10 గ్రాములైనా పెరుగుతోందా అని తూచి చూడాలి. పైగా వేరుశనగ మూటలను ఎలుకల నుంచి కాపాడే జాతి అది. అంగిలి బాగా చీలి, కూన బాధతో నలిగిపోతుంటే, నొప్పి లేకుండా సాగనంపాలా వద్దా అన్నది వైద్యుడితో మాట్లాడి తేల్చుకోవాలి. అంతేగాని, మొర్రి చూసి పారేయకండి. దగ్గరలోని పశువైద్యశాలకు తీసుకెళ్లండి.